చెన్నై నుంచి మహాబలిపురం: బస్సు దిగాక అంతా నడకే, ఏ వరుసలో చూడాలి?

అడయార్_అతిథి:
పని మీద చెన్నై వచ్చాం, అడయార్‌లో దిగాం. ఈ ఆదివారం ఖాళీ. కారు మాట్లాడుకోకుండా బస్సులో వెళ్లి, ఊరంతా కాలినడకన చూసి, చీకటి పడేలోగా వచ్చేద్దామని ఆలోచన. అమ్మ కూడా వస్తుంది, 62 ఏళ్లు. చదును నేల మీద ఎంతైనా నడుస్తుంది, మెట్లంటేనే మోకాళ్లు పట్టేస్తాయి. ఏది ముందు చూడాలి? ఎంత నడక? ఎక్కడ ఇబ్బంది పడతాం?

ఈసీఆర్_బాటసారి:
ఎండను బట్టి వరుస పెట్టుకోండి, మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి. తీర దేవాలయం, అర్జునుడి తపస్సు అనే పెద్ద బండ శిల్పం తూర్పు ముఖంగా ఉంటాయి. పంచ రథాలంటే రాతిని తొలిచి రథాల్లా చేసిన ఐదు గుడులు, వాటిలో వరుసగా నిలబడ్డ నాలుగూ పడమటి వైపు చూస్తాయి. అందుకని మొదటి రెండూ పొద్దున, రథాలు మధ్యాహ్నం మూడు దాటాక. చాలామంది దీన్ని తిరగేసి చూసి, రాయి నల్లగా ఉంది, బొమ్మలు తెలియడం లేదు అంటారు.

ఆరింటికల్లా తిరువాన్మియూర్‌లో బస్సెక్కండి. 588, 599 నంబర్లు చూసుకోండి, గంట, గంటంబావులో చేరతారు. పుదుచ్చేరి బస్సు ముందొచ్చింది కదా అని ఎక్కొద్దు. అవి చాలావరకు ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదే దించేస్తాయి. అక్కణ్నుంచి ఊళ్లోకి కిలోమీటరు పైనే, నీడ లేని రోడ్డు. అమ్మగారి ఓపిక అక్కడే సగం అయిపోతుంది.

బస్టాండు దగ్గరే టిఫిన్ చేసి, తిన్నగా తూర్పుకు నడిస్తే పది పన్నెండు నిమిషాల్లో తీర దేవాలయం. పురావస్తు శాఖ గేటు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా. టికెట్ మనకు 40 రూపాయలు, ఫోన్లో ముందే తీసుకుంటే 35. పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు. అదే టికెట్ ఆ రోజు పంచ రథాలకూ చెల్లుతుంది, పారేయకండి. ఇది రాజసింహ పల్లవుడు ఎనిమిదో శతాబ్దంలో కట్టించిన గుడి. రెండు శివాలయాల మధ్య ఇరుకుగా శేషశాయి విష్ణువు ఉంటాడు, కనుక్కుని చూడండి. ఉప్పుగాలికి గోడల మీది బొమ్మల ముక్కూ మొహం అరిగిపోయాయి, చేత్తో తడమకండి.

వచ్చిన దారినే వెనక్కి వస్తే అర్జునుడి తపస్సు. అక్కడికి తొమ్మిదిన్నర, పదింటికి చేరితే బాగుంటుంది. మరీ పొద్దున్నే వెలుగు ఎదురుగా పడి శిల్పం చదునుగా కనిపిస్తుంది. సూర్యుడు కాస్త పైకెక్కాక ప్రతి బొమ్మ కిందా నీడ పడి లోతు తెలుస్తుంది. మధ్యాహ్నం దాటితే బండంతా నీడే. పెద్ద ఏనుగు దగ్గర కిందకి చూడండి: ముందు కాళ్లు పైకెత్తి తపస్సు చేస్తున్న పిల్లి, దాని చుట్టూ ఎలుకలు. పైన ఒంటికాలి మీద నిలబడ్డ తపస్వి భంగిమే దానిదీ. ఇది ఒక్కటీ చూపిస్తే అమ్మగారు అక్కణ్నుంచి కదలరు.

శిల్పి_వీధి:
పైన చెప్పిన వరుసే సరి. మోకాళ్ల సంగతి నేను చెబుతాను. వెన్నముద్ద బండ, అంటే వాలు మీద నిలిచిన పెద్ద గుండ్రటి రాయి, దాని వెనక ఉన్న గుట్ట మీద మెట్లు రాతిలోనే తొలిచినవి, ఎత్తు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, పట్టుకోవడానికి చాలాచోట్ల ఏమీ ఉండదు. వెన్నముద్ద కింది వాలు పిల్లలు జారి జారి నున్నగా అయింది, తోలు చెప్పులైతే పట్టు దొరకదు. అమ్మగారికి అర్జునుడి తపస్సు పక్కనే ఉన్న కృష్ణ మండపం చాలు. గోవర్ధనం ఎత్తిన కృష్ణుడు, ఆ పక్కన ఆవు పాలు పితికే మనిషి, దూడను నాకుతున్న ఆవు, అన్నీ నేల మట్టంలోనే. మీరొక్కరే గుట్ట ఎక్కి వరాహ మండపం, మహిషాసురమర్దిని గుహ చూసి రండి. ఆవిడను ఈలోగా స్థలశయన పెరుమాళ్ గుడిలో కూర్చోబెట్టండి. వైష్ణవుల 108 పుణ్యక్షేత్రాల్లో (దివ్యదేశాల్లో) ఒకటి, పూజలు జరిగే గుడి. మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి పన్నెండు లోపే.

అడయార్_అతిథి:
చాలా థాంక్సండి. రథాల దాకా కూడా నడవచ్చా? సముద్రంలో కాళ్లు తడుపుకోవచ్చా? పులి గుహ కూడా కలుపుదామా?

ఈసీఆర్_బాటసారి:
అర్జునుడి తపస్సు నుంచి రథాలకు దక్షిణంగా కిలోమీటరున్నర దాకా ఉంటుంది, చదును రోడ్డు, దారి పొడుగునా శిల్పుల ఉలి చప్పుడే. వెళ్లేటప్పుడు ఆటో ఎక్కి, ఎండ తగ్గాక తిరిగి వచ్చేటప్పుడు నడవండి. రోజు మొత్తానికి నాలుగైదు కిలోమీటర్లకు మించదు. రథాల దగ్గర ధర్మరాజ రథం కింది భాగం చూడండి, చెక్కడం పూర్తి కాకుండా ఆగిపోయింది. పైనుంచి కిందకి చెక్కుకుంటూ వచ్చారని అక్కడ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

అలల అంచున కాళ్లు తడుపుకోండి, అంతే. మోకాలి లోతుకు కూడా వెళ్లకండి. వెనక్కి లాగే నీటి జోరు ఎక్కువ, పైకి చూస్తే తెలియదు.

పులి గుహ ఉత్తరాన సాలువన్‌కుప్పంలో, ఐదు కిలోమీటర్ల దూరం. ఇసుకలో నడిచి వెళ్లాలనుకోవద్దు, పొద్దున వెలుగంతా దారిలోనే పోతుంది. ఈసారికి వదిలేయండి.

శిల్పి_వీధి:
భోజనం ఒత్తవాడై వీధిలో. చేప తినాలనుకుంటే ముందు చేపను చూపించమని, బరువూ ధరా తేల్చుకున్నాకే వండించుకోండి. తిరుగు బస్సుకు ఐదింటికల్లా బస్టాండులో ఉండండి. ఆదివారం ఆరు దాటితే జనమంతా ఒక్కసారే కదులుతారు, అమ్మగారికి సీటు దొరకదు, ఈసీఆర్ (చెన్నై వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద బండ్లు కూడా నత్తనడకే.