న్యూస్ బాగా వినపడతాది, సినిమాలో మాటలే వినపడవు. ఎందుకన్నా?

కొర్లగుంట_కుర్రోడు:
అన్నా, ఇంట్లో పాత 5.1 రిసీవర్ (ఐదు బాక్సులు, ఒక సబ్‌ వూఫర్ నడిపేది) ఉండాది. సెంటర్ బాక్సు కోన్ చినిగిపోతే పీకి అటక మీద పెట్టేసినాం. ముందర రెండు బాక్సులు, సబ్‌ వూఫర్ మాత్రం నడస్తా ఉండాయి. టీవీ నుంచి ఏఆర్‌సీలో (హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే) రిసీవర్‌కి సౌండ్ పోతాది. న్యూస్, సీరియల్ వాల్యూమ్ 30లోనే చక్కగా వినపడతాయి. ఓటీటీలో కొత్త సినిమా పెడితే 48కి పెంచినా గొణిగినట్టే ఉంటాది, ఫైటు మొదలైతే పక్కింటోళ్లు లేస్తారు. మా అవ్వకి సబ్‌టైటిల్స్ చదవడం రాదు. సౌండ్‌బార్ కొనేదా?

మిట్టూరు_ఆడియో:
ఇప్పుడే కొనబాక తమ్ముడూ. న్యూస్ బాగుందంటేనే తెలిసిపోతాంది. అది స్టీరియో, సినిమా 5.1. సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్ ఛానెల్‌లోనే వస్తాయి. నీ రిసీవర్ సెంటర్ బాక్సు ఇంకా ఉందనుకుని మాటల్ని లేని బాక్సుకి పంపిస్తా ఉండాది. నీకు వినపడే గొణుగుడు, కుడి ఎడమల్లోకి కొంచెం కలిపిన రివర్బ్ (ప్రతిధ్వని) అంతే.

రిసీవర్‌లో స్పీకర్ సెటప్‌కి పోయి సెంటర్‌ని ‘నన్’ (బాక్సు లేదు అని) చెయ్యి. సరౌండ్ బాక్సులూ లేవు కాబట్టి వాటినీ ‘నన్’ చెయ్యి. అప్పుడు సెంటర్ సౌండ్ 3 డీబీ (డెసిబెల్) తగ్గి కుడికీ ఎడమకీ సమానంగా పోతాది, మధ్యలో కూర్చుంటే టీవీలోంచే మాట్లాడినట్టు ఉంటాది. టీవీ ఆడియో అవుట్‌పుట్‌ని పీసీఎంకి (టీవీయే విప్పి పంపే మామూలు స్టీరియో) మార్చినా పని జరగతాది, కానీ రిసీవర్ ప్రోలాజిక్ మోడ్‌లో ఉంటే ఆ స్టీరియోలోంచి మళ్లీ సెంటర్‌ని బయటికి లాగుతాది. సెంటర్ ‘నన్’ చెయ్యకపోతే మాటలు మళ్లీ మాయం.

అలిపిరి_మిక్స్:
పీసీఎం వద్దు. అది పెడితే డాల్బీ స్ట్రీమ్‌తో వచ్చే కంప్రెషన్ (పెద్ద శబ్దాల్ని అణిచి చిన్నవాటిని ఎత్తడం) సమాచారం రిసీవర్ దాకా చేరదు, దాంతో నడిచే నైట్ మోడ్ బటన్ ఉన్నా చాలా రిసీవర్లలో పనిచెయ్యదు. టీవీలో బిట్‌స్ట్రీమ్ (విప్పకుండా అలాగే పంపడం) లేదా ఆటో, రిసీవర్‌లో సెంటర్ ‘నన్’, ఆ పైన నైట్ మోడ్. కొన్నిట్లో డైనమిక్ రేంజ్ అని ఉంటుంది.

సెంటర్ సరిచేసినా ఫైటుకీ మాటకీ తేడా పోదు, దానికి కారణం వేరే. థియేటర్ మిక్సింగ్ రూములో −20 డీబీ (డిజిటల్‌లో గరిష్ఠం 0, దానికి 20 కింద) పింక్ నాయిస్, అంటే కొలతకి వాడే ‘హుస్స్’ శబ్దం పెడితే తెర వెనక ఒక్కో ఛానెల్ 85 డీబీ రావాలి, మాటలూ ఫైట్లూ ఆ లెవల్లో విని కలుపుతారు. ఓటీటీకి లెక్క వేరు: నెట్‌ఫ్లిక్స్ అడిగేది మాటల సగటు −27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత), అటూ ఇటూ 2 వరకు; పీక్ −2 దాటకూడదు. అంటే మాటకీ బాంబుకీ మధ్య 25 డీబీ. −27 అంటే −20 కంటే 7 కింద, కాబట్టి థియేటర్ లెవల్లో ఆ మాట సుమారు 78 డీబీ, ఇంట్లో 20 తగ్గించి వింటే 58. ఫ్యాను 5లో తిరిగే హాల్లో అది చాలదు. పైగా −27 అనేది సినిమా మొత్తానికి సగటు, గుసగుసల సీన్ ఇంకా కిందుంటుంది.

కేబిన్_చిత్తూరు:
థియేటర్లోనూ ఇదే గోల సామీ. ట్రైలర్లు, యాడ్స్ చెవులు చిల్లులు పడేట్టు ఉండాయని ఎవరో అరుస్తారు, డాల్బీ ప్రాసెసర్ ఫేడర్‌ని (వాల్యూమ్‌ని) మామూలు లెవల్ 7 నుంచి 5కి దించుతారు. దాదాపు 6.7 డీబీ పోయినట్టు. సినిమా మొదలైనాక ఎవరూ ఎత్తరు, జనం మిక్సింగ్‌ని తిడతారు. తెర వెనక సెంటర్ హారన్‌లో (సన్న శబ్దాల స్పీకర్) డయాఫ్రం, అంటే శబ్దం పుట్టించే పొర కాలిపోయినా అంతే: స, శ, చ లాంటివన్నీ 2 కిలోహెర్ట్జ్ పైన పలికే శబ్దాలు, అవి పోతే మాట ముద్దయిపోతాది. ఎడమ, సెంటర్, కుడికి వరసగా పింక్ నాయిస్ పంపి వింటే నిమిషంలో దొరుకుతాది. అది చూడకుండా వాల్యూమ్ పెంచితే లాభంలే.

చంద్రగిరి_88:
హాల్లో వైట్ టైల్స్, పైన స్లాబు, కర్టెన్లు లేవనుకుంటా? ముందర జంఖానా పరిచి చూడు, మోత తగ్గతాది. ఈక్వలైజర్‌లో 100–250 హెర్ట్జ్ 3 డీబీ తగ్గించి, 2–4 కిలోహెర్ట్జ్ 2 డీబీ పెంచు. అంతకు మించితే స్స్ అని చెవిలో గుచ్చతాది. సబ్‌ వూఫర్ గోడ మూలన ఉంటే అడుగున్నర ముందుకి జరుపు.

ల్యాప్‌టాప్‌లో చూసేటప్పుడు వీఎల్‌సీ ఎఫెక్ట్స్‌లో కంప్రెసర్ ఆన్ చెయ్యి: థ్రెషోల్డ్ −25, రేషియో 4, అటాక్ 20, రిలీజ్ 300, మేకప్ గెయిన్ 10. రిలీజ్ (అణిచినదాన్ని వదిలే టైము) 50కి దించితే మాట మాటకీ వెనక మ్యూజిక్ ఉబ్బి తగ్గతా ఉంటాది.

కొర్లగుంట_కుర్రోడు:
సెంటర్ ‘స్మాల్’ అని ఉన్నింది. ‘నన్’ చేసినాను, మాటలు వచ్చేసినాయి! నైట్ మోడ్ పెట్టినాక 36లో సరిపోతాంది. చినిగిన బాక్సుకి కొత్త కోన్ వేయించేదా?

మిట్టూరు_ఆడియో:
వేయించు, మూడో బాక్సు ఉంటే పక్కకి కూర్చున్నోళ్లకీ మాట మధ్యలోంచే వస్తాది. రిపేరోడికి ఇచ్చే ముందు కోన్ వెనక ఉండే కాయిల్‌కి మల్టీమీటర్ పెట్టు, 8 ఓమ్స్ స్పీకర్ అయితే 6 దగ్గర్లో చూపిస్తాది. సూది కదలకపోతే కోన్‌తో పాటు కాయిలూ మార్చాల. బిగించినాక సెటప్‌లో సెంటర్ ‘స్మాల్’, క్రాసోవర్ 100 (హెర్ట్జ్; అంతకు కింద బేస్ సబ్‌ వూఫర్‌కి పోయేట్టు), ట్వీటర్ (సన్న శబ్దాల చిన్న స్పీకర్) మీ చెవి ఎత్తుకి వచ్చేట్టు పెట్టు. షోకేస్ అరలో లోపలికి తోయబాక.