పాజ్ చేసిన ప్రతిసారీ హెడ్‌ఫోన్లలో ‘టప్’మనే చప్పుడు

ప్రశ్న:
పల్లెల్లో పెద్దవాళ్ల దగ్గర రికార్డు చేసుకొచ్చిన మాటలను విని రాసే పనిలో ఉన్నాను. ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న లాప్‌టాప్‌కు వైరు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఒక వాక్యం వింటాను, ఆపి రాసుకుంటాను, మళ్లీ మొదలుపెడతాను. ఆపిన ఐదారు సెకన్లకు రెండు చెవుల్లోనూ ‘టప్’మని చప్పుడు వచ్చి, ఆపై సన్నటి మోత మిగులుతోంది. మళ్లీ ప్లే నొక్కితే ఇంకో ‘టప్’ వచ్చి మొదటి అక్షరాన్ని మింగేస్తోంది. నిన్న ఒక అవ్వ చెప్పిన ‘ఆకలి కాలం’ నాకు ‘కలికాలం’గా వినబడి అలాగే రాసేశాను. ఇవే హెడ్‌ఫోన్లు ఫోనుకు పెడితే ఏ చప్పుడూ లేదు. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
మీ హెడ్‌ఫోన్లలో లోపం లేదండి. మీరు చెప్పిన ఆ ఐదారు సెకన్లే అసలు ఆధారం. ఉబుంటులో శబ్దాన్ని నడిపించే ప్రోగ్రాం పైప్‌వైర్, శబ్దం ఆగిన 5 సెకన్లకు సౌండ్ పరికరాన్ని మూసేస్తుంది. అప్పటినుంచి లెక్కపెట్టి, కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో) ఆడియో చిప్‌ను నడిపే ఇంటెల్ హెచ్‌డీఏ డ్రైవర్ ఆ చిప్‌కు విద్యుత్తు తగ్గిస్తుంది. ఆ క్షణంలో ఆంప్లిఫయర్ వోల్టేజి ఒక్కసారిగా మారడమే మీకు వినిపించే ‘టప్’. చిప్ తిరిగి మేలుకోవడానికి పట్టే కాస్త వ్యవధిలోనే మీ మొదటి అక్షరం పోతోంది. ఏదీ శాశ్వతంగా మార్చకముందు ఒక పరీక్ష చేయండి. సిస్ డైరెక్టరీలోని మాడ్యూల్ ఫోల్డర్‌లో ఈ డ్రైవర్ పేరుతో ఉన్న చోట, పారామీటర్స్ కింద ‘పవర్ సేవ్’ అనే ఫైలు ఉంటుంది. అందులోని అంకె, ఎన్ని సెకన్లకు విద్యుత్తు తగ్గించాలో చెప్పే లెక్క; 0 అంటే అసలు తగ్గించవద్దని. రూట్ (నిర్వాహక) అనుమతితో దాన్ని 0 చేసి, పాజ్ నొక్కి, ఒక నిమిషం వినండి.

ప్రశ్న అడిగినవారు:
అందులో 1 ఉంది. 0 చేయగానే చప్పుడు, మోత రెండూ పోయాయి. శాశ్వతంగా ఉండాలని డ్రైవర్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో కూడా రాసిపెట్టాను. అయినా సాయంత్రం కరెంటు పోయి లాప్‌టాప్ బ్యాటరీ మీదకు రాగానే అది మళ్లీ 1 అయింది.

రెండవ జవాబు:
మీ లాప్‌టాప్‌లో టీఎల్‌పీ ఉందేమో చూడండి. బ్యాటరీ ఆదా కోసం వేసుకునే ఆ ప్రోగ్రాం, చార్జర్ తీసినప్పుడూ పెట్టినప్పుడూ తన సెట్టింగులను తిరిగి అమలు చేస్తుంది కాబట్టి మోడ్‌ప్రోబ్‌లో మీరు రాసింది దాని ముందు నిలవదు. ఈటీసీ అనే సిస్టమ్ ఫోల్డర్‌లోని టీఎల్‌పీ కాన్ఫ్ ఫైలులో ‘సౌండ్ పవర్ సేవ్ ఆన్’తో మొదలయ్యే వరుసల్లో చార్జర్‌కు ఒకటి, బ్యాటరీకి ఒకటి ఉంటాయి. రెండింటికీ 0 ఇచ్చి, వరుసను పనిచేయకుండా ఆపే హ్యాష్ (#) గుర్తు ముందు ఉంటే తీసేసి, టీఎల్‌పీని మళ్లీ ప్రారంభించండి. బ్యాటరీ కొద్దిగా ఎక్కువ ఖర్చవుతుంది, కానీ ఇలాంటి పనికి ఆ ఖర్చు పెట్టవలసిందేనని నా అభిప్రాయం. ఒకవేళ శబ్దం నడుస్తున్నంతసేపూ మోత వినిపిస్తే మాత్రం దాని కారణం వేరు; అప్పుడు చార్జర్ తీసి విని చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
టీఎల్‌పీయే కారణం. రెండు వరుసలూ మార్చాక చార్జర్ నాలుగుసార్లు తీసి పెట్టి చూశాను, అంకె 0 దగ్గరే నిలిచింది, చెవుల్లో నిశ్శబ్దం. మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పటిదాకా రాసిన పుటల్లో నేను పాజ్ తీసిన ప్రతి చోటా వాక్యం మొదలును మళ్లీ వింటున్నాను. ‘కలికాలం’ కొట్టేసి ‘ఆకలి కాలం’ అని దిద్దాను.