దసరాకి నేపాలీ పాటల సాయంత్రం: రెండు గంటల్లో ఏమేం వినిపించాలి?

తార్నాక శ్రోత (ప్రశ్న)

మా కాలనీలో నెలకోసారి కూర్చుని ఒక్కో ప్రాంతం పాటలు వింటాం. ఈసారి నేపాల్ అనుకున్నాం, అదీ దసరా సెలవుల్లో. హాలు రెండు గంటలు దొరికింది, పాతికా ముప్పై మంది వస్తారు. వాళ్లలో మా వీధిలోనే ఉండే నేపాలీ కుటుంబాలు కూడా కొన్ని ఉన్నాయి, కాబట్టి ఏదో నాలుగు ముక్కలు వినిపించి పంపేస్తే బాగుండదు.

యూట్యూబ్‌లో వెతికితే ముందు రేశం ఫిరిరి అనే జానపదం, ఆ తర్వాత దాని రీమిక్సులు, ఆ తర్వాత హిందీ పాటలు వస్తున్నాయి. నేను అడిగేవి మూడు. జానపదం, పాత పాటలు, ఇప్పటి బ్యాండ్లు ఏ పాళ్లలో ఉండాలి? అసలు రికార్డింగును గుర్తుపట్టడం ఎలా? మా గుంపులో తబలా వాయించేవాళ్లున్నారు, మాదల్ (నేపాలీల రెండు ముఖాల డోలు) ఒకటి కొందామా అంటున్నారు. కొనేటప్పుడు ఏం చూడాలి?

మంద్రస్థాయి

రెండు గంటలంటే 18 పాటలకి మించి పెట్టకండి. పాటకి నాలుగున్నర నిమిషాలు, ముందు రెండు నిమిషాల పరిచయం అనుకుంటే దానికే సమయం సరిపోతుంది. ఆ 18లో సగం జానపదానికి ఇవ్వండి. తర్వాత వచ్చిన రేడియో పాటలూ బ్యాండ్లూ అందులోంచే తీసుకున్నాయి. అది విననివాళ్లకి వీటిలో ఏది కొత్తో ఏది పాతో తెలియదు.

మొదటి పాట ఝలక్‌మాన్ గంధర్వది పెట్టండి: ‘ఆమాలే సోధ్లిన్ ని’. పరాయి దేశపు సైన్యంలో చేరి యుద్ధంలో ప్రాణం పోతున్న కొడుకు, ‘మా అమ్మ అడిగితే ఏం చెబుతారు?’ అంటూ తోటివాళ్లకి అప్పగింతలు పెట్టే పాట. గంధర్వులు ఊరూరా తిరిగి సారంగి వాయిస్తూ వార్తలూ వీరగాథలూ పాడి బతికిన కులం. ఝలక్‌మాన్ పోఖరా ప్రాంతంవాడు, 2003లో పోయాడు. ఈ పాట భావం ముందే తెలుగులో చెప్పేయండి. ఏడుపు రాగం తీయకుండా, కబురు చెబుతున్నట్టు పాడతాడు. అర్థం తెలియకపోతే అది మామూలు పాటలా దాటిపోతుంది.

ఇక్కడే సారంగి గురించి ఒక మాట చెప్పాలి. హిందుస్తానీ కచేరీల్లో కనిపించే సారంగి వేరు, ఇది వేరు. నేపాలీ సారంగి చిన్నది, ఒకే కొయ్య తొలిచి చేస్తారు, తీగలు నాలుగే. అడుగున దన్నుగా మోగే తీగల వరస దీనికి ఉండదు. కింది గుంటకి తోలు బిగిస్తారు, పై గుంట తెరిచే ఉంటుంది. తీగని మెడకేసి అదమరు, గోరు పక్కనించి తాకిస్తారు. అందుకే స్వరం నుంచి స్వరానికి జారుతూ మనిషి గొంతులా వినిపిస్తుంది. కొత్త రికార్డింగుల్లో సారంగికి ప్రతిధ్వని ఎక్కువ కలిపేస్తున్నారు, దాంతో ఆ గరుకుదనం పోతుంది. పాతది దొరికితే పాతదే పెట్టండి.

ఇక దరువు. కొండ పాటల్లో ఎక్కువగా రెండు రకాలు వినిపిస్తాయి: ఖ్యాలీ, ఝ్యాఉరే. ఖ్యాలీ నాలుగు లెక్క, తబలా తెలిసినవాళ్లకి కెహర్వా తాళంలా వెంటనే అందుతుంది. ఝ్యాఉరే ఆరు. మన తిశ్రం అలవాటున్నవాళ్లు మొదట పొరబడేది దీని దగ్గరే. ఒక్కోసారి మూడేసి చొప్పున రెండుగా, ఒక్కోసారి రెండేసి చొప్పున మూడుగా వినిపిస్తుంది. జనం చప్పట్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తారు. ‘తకిట తకిట’ అనుకుంటూ ఆవృతానికి రెండే చప్పట్లు కొట్టమనండి, ‘త’ పడిన చోట మాత్రమే. పాట ఎటు ఊగినా అది తప్పదు. స్వరాలకొస్తే చాలా కొండ పాటలు అయిదు స్వరాలవే, మోహన రాగానికి దగ్గరగా ఉంటాయి. కాబట్టి రెండోసారికే మనవాళ్లు గొంతు కలుపుతారు.

తమాంగ్ జాతివాళ్ల పాట, తమాంగ్ సేలో తప్పనిసరి. డంఫూ అనే ఒంటి ముఖం వాద్యం మీద పాడతారు. తోలుని చుట్టూ వెదురు మేకులతో చట్రానికి బిగిస్తారు. తోడు టుంగ్నా ఉంటుంది, అది నాలుగు తీగల వాద్యం. దీనికి హీరాదేవి వైబా గొంతే సరైనది. డార్జిలింగ్ కొండల్లో కర్సియాంగ్ దగ్గర అంబూటియా తేయాకు తోటలకి చెందిన ఆవిడ, 2011లో పోయారు. ‘చురా త హొయిన అస్తురా’ పెట్టండి, హాలంతా కదులుతుంది.

పెళ్లిళ్లలో దమాయి కులంవాళ్లు వాయించే అయిదు వాద్యాల మేళం పంచే బాజా, తొమ్మిదిమంది కూడితే నౌమతి బాజా. ఒక్క ముక్క, రెండు నిమిషాలు చాలు. అందులోని సనాయి (మన సన్నాయిలాంటిది), నర్సింగా (వంపు తిరిగిన కొమ్ము) ఆరుబయట ఊరంతా వినబడడానికి చేసినవి. మూసిన హాలులో సౌండు తగ్గించకపోతే చెవులు మూసుకుంటారు. కాఠ్మాండూ లోయలోని నేవార్ల సంగీతం మరో ప్రపంచం. ధిమే డోళ్లు, గుళ్ల దగ్గర దాఫా భజనలు, వాళ్ల భాషే వేరు. దానికి విడిగా ఒక సాయంత్రం కావాలి. ఈసారికి ‘రాజమతి’ ఒక్కటి పెట్టండి. సేతురాం శ్రేష్ఠ 1908లో కలకత్తా వెళ్లి గ్రామఫోను రికార్డుకి పాడిన పాట అది.

పాత రేడియో

పైన చెప్పిందంతా సరే గానీ సగం జానపదం అంటే నేను ఒప్పుకోను. మీ సభకి వచ్చే నేపాలీ కుటుంబాల్లో పెద్దవాళ్లు గొంతు కలిపి పాడగలిగేవి రేడియో నేపాల్ పాటలు. ఆ రేడియో 1951లో మొదలైంది. ‘ఆధునిక్ గీత్’ అని వాళ్లు పిలిచే పాట అక్కడే పెరిగింది. కవిత్వం ఉన్న సాహిత్యం, వెనక చిన్న వాద్యబృందం, సినిమాతో సంబంధం లేకుండా. ఆకాశవాణి లలిత సంగీతం విన్న తెలుగువాళ్లకి దాని రుచి విడిగా చెప్పక్కర్లేదు.

గాయకుడు నారాయణ్ గోపాల్ (1939–1990) దగ్గర ఆగండి. ఒక్క పాట పెట్టి వదలొద్దు, మూడు పెట్టండి. ‘కేహీ మీఠో బాత్ గర’ తేలికగా ఉంటుంది, ‘ఏఉటా మాంఛేకో’ బరువుగా ఉంటుంది, ‘మలాయీ నసోధ’ ఇంకా లోతు. గొంతుని ఎక్కడా చూపించుకోడు. పై స్థాయికి వెళ్లినా మాట స్పష్టంగానే ఉంటుంది. ఆయన పాటల్లో చాలావాటికి బాణీ కట్టిన గోపాల్ యొంజన్ డార్జిలింగ్‌వాడు. అంబర్ గురుంగ్ (1938–2016) కూడా డార్జిలింగ్‌లోనే పుట్టాడు. 2007లో వచ్చిన నేపాల్ జాతీయగీతానికి బాణీ ఆయనదే. అగం సింగ్ గిరి రాసిన ‘నౌలాఖ్ తారా ఉదాయే’ ఆయన గొంతులో వినండి. సొంత నేలకి దూరంగా స్థిరపడ్డ నేపాలీల దిగులు అది. ఆడగొంతుల్లో అరుణా లామా ‘పోహోర్ సాల్ ఖుసీ ఫాట్దా’, తారాదేవి ‘ఉకాలీ ఒరాలీ హరూమా’. ఈ రెండూ వెంటవెంటనే పెట్టకండి. రెండూ మెల్లనివే, సభ బరువెక్కిపోతుంది. మధ్యలో ఒక ఝ్యాఉరే వేయండి.

అసలు రికార్డింగు ఎలా పట్టుకోవాలని అడిగారు. ఫోనులో హిందీ కీబోర్డు పెట్టుకుని పాట పేరుని నాగరిలిపిలో కొట్టండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో పాటని నాలుగైదు రకాలుగా రాస్తారు, ముఖ్యంగా ‘ఛ’ ఉన్న మాటల్ని, అందుకే కవర్లు ముందు తేలతాయి. గాయకుడి పేరు, సంగీతం ఎవరిది, రాసింది ఎవరు అని మూడూ వివరంలో ఉంటే నమ్మొచ్చు. వేగం తగ్గించి ప్రతిధ్వని కలిపిన అప్‌లోడ్లు ఈమధ్య విపరీతంగా ఉన్నాయి. అనుమానం వస్తే అదే పాటవి రెండు మూడు అప్‌లోడ్లు తీసుకుని ఫోనులోని తంబురా యాప్‌తో శ్రుతి పట్టి చూడండి. క్యాసెట్టు వేగం తేడాతో అరస్వరం అటూఇటూ ఉండొచ్చు. అంతకుమించి తేడా ఉంటే ఎవరో కదిలించారు. అడుగున కొత్త డ్రమ్ము వినబడితే ఆలోచించకుండా పక్కన పెట్టండి.

ఉప్పల్ డప్పు

అన్నా, దోహోరి ముచ్చట ఎవరూ చెప్పలే. ఆడోళ్లు ఒక దిక్కు, మగోళ్లు ఒక దిక్కు కూసుంటరు. ఒకరు పాటలనే ప్రశ్న అడుగుతరు, అవతలోళ్లు ప్రాస కలిపి అప్పటికప్పుడు కట్టి జవాబియ్యాలె. నడుమ అందరూ కలిసి పల్లవి ఎత్తుకుంటరు. గా సందులనే తర్వాతి చరణం కట్టుకునుడు నడుస్తది. గురుంగ్ జాతోళ్ల ‘రోధీ’ కూటములల్ల గిట్లనే పాడుకునేటోళ్లు. ఇప్పుడైతె కాఠ్మాండుల దోహోరి సాంఝ్ అని హోటళ్లే ఉన్నయి. కాని రికార్డు పెట్టి ఇనిపిస్తె మాత్రం నడ్వది. మాట తెల్వకుంటె ఒక్కటే బాణీ పది నిమిషాలు తిరుగుతున్నట్టనిపిస్తది. మీ వీధి నేపాలోళ్లను అడుగున్రి, ఇద్దరు పాడితె ఒకరు తెలుగుల చెప్పాలె. అయిదు జవాబుల కాడ ఆపున్రి.

ఇంకోటి, దసరాకే పెడ్తున్నరు కాబట్టి మాలశ్రీ ధున్ మరువకున్రి. మన ఎంగిలిపూల బతుకమ్మ అయిన తెల్లారి అక్కడ ఘటస్థాపన, దశైఁ (ఆళ్ల దసరా) మొదలైనట్టే. ఆ దినాలల్ల రేడియోల, టీవీల, గుళ్లల్ల అంతట గదే ధున్. పాటలు షురూ కాకముందు జనం వచ్చి కూసునేటప్పుడు మెల్లగ పెట్టున్రి. నేపాల్ నుంచి వచ్చినోళ్లకు పండుగ వచ్చినట్టయితది. దీపావళికి పాడే దేఉసీ, భైలో మాత్రం ఇప్పుడొద్దు, ఆ పండుగ పాట ఆ పండుగకే.

తార్నాక శ్రోత

చాలా సంతోషమండీ. దోహోరి ఆలోచన మాకు బాగా నచ్చింది, అడిగి చూస్తాం. మాదల్ సంగతి, హాలులో సౌండు సంగతి తెలిసినవాళ్లెవరైనా చెప్పండి. మా దగ్గర ఒక చిన్న బ్లూటూత్ స్పీకరు ఉంది.

తోలు వార్లు

ముందు స్పీకరు. చిన్న బ్లూటూత్ స్పీకరులో మాదల్ పెద్ద ముఖం మోత వినబడదు, చిన్న ముఖం టకటక మాత్రమే మిగులుతుంది. ఝ్యాఉరే అర్థం కాకపోవడానికి సగం కారణం అదే. ఎనిమిది అంగుళాల కోన్ ఉన్న స్పీకర్లు రెండు అద్దెకు తెచ్చుకోండి. 1960ల నాటి రికార్డింగులకి బేస్ పెంచొద్దు, రాదు, గుయ్యిమనే మోతే పెరుగుతుంది. పై స్వరాలు కాస్త తగ్గిస్తే టేపు సొద తగ్గుతుంది. పాత పాట పక్కన కొత్త బ్యాండు పాట ఒక్కసారిగా బిగ్గరగా మోగుతుంది. స్పాటిఫైలో పాటల మధ్య శబ్దం సమానం చేసే సెట్టింగు ఉంది, ముందురోజే ఆన్ చేసి మొత్తం వరస ఒకసారి నడిపి చూసుకోండి.

మాదల్ కొనేటప్పుడు రెండు ముఖాలూ విడివిడిగా వేలితో తట్టి వినండి. రెండిట్లోనూ మోత కాసేపు నిలవాలి. ‘టప్’ అని చచ్చిపోతే తోలు వదులైనా అయ్యుండాలి, ముఖం మీది నల్లటి పూత పగిలైనా ఉండాలి. పూతని వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. వార్లు ఎక్కడైనా అతుకేసి ఉంటే వద్దు. గోడలకి వేలాడదీసుకునే బొమ్మ మాదళ్లు అమ్ముతుంటారు, వాటి కొయ్య మందంగా ఉంటుంది, మోత ఉండదు. చేతిలోకి తీసుకుంటే సైజుకి మించిన బరువు తెలుస్తుంది. నల్లపూత పాడైతే మన తబలాలు బాగుచేసేవాళ్లు తిరిగి వేయగలరు. కాకపోతే తబలాకి వేసినంత మందంగా వేస్తే మాదల్ గొంతు మారిపోతుంది, ఉన్నంతే వేయమని చెప్పండి.

హైదరాబాదులో దీనికి రెండు గండాలు. జులై నుంచి సెప్టెంబరు దాకా తేమకి తోలు వదులవుతుంది. ఎండలో పెట్టి బిగించకండి, తోలు ఒకవైపే లాగి అంచు చీలుతుంది. వార్లని చుట్టూ కొద్దికొద్దిగా, ఎదురెదురు వైపులు మార్చుకుంటూ లాగి బిగించాలి. ఏప్రిల్, మే నెలల్లో పొడి వేడికి పూత పగులుతుంది. గుడ్డసంచిలో, బీరువా అడుగున ఉంచండి, కారు డిక్కీలో వదిలేయకండి.

మీ తబలావాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మాదల్‌ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని గానీ, నడుముకి కట్టుకుని గానీ వాయిస్తారు. తబలాలాగా వేళ్ల చివర్లతో విరిచి కొడితే గొంతు సన్నబడుతుంది. వేళ్లు దగ్గరగా చేర్చి, మణికట్టు వదులుగా పెట్టి కొట్టాలి. ఆర్.డి. బర్మన్ దగ్గర మాదల్ వాయించిన రంజిత్ గజ్మేర్ చెయ్యి పాత హిందీ పాటల్లో వినమనండి, ఎంత తేలిగ్గా పడుతుందో తెలుస్తుంది. ఆయనా డార్జిలింగ్ కొండలవాడే.

మంద్రస్థాయి

బ్యాండ్ల మాట మిగిలింది, అది కూడా చెప్పేస్తాను. నేపథ్య, 1974 ఏడీ, కుటుంబ: ఈ మూడూ చాలు. నేపథ్యలో అమృత్ గురుంగ్ ఊళ్ల పాటలని రాక్ వాద్యాలతో పాడతాడు, ‘తాల్‌కో పానీ’తో మొదలుపెట్టండి. 1974 ఏడీ ‘పింజడాకో సుగా’ వినిపించండి, కవి లేఖనాథ్ పౌడ్యాల్ రాసిన పంజరంలో చిలక పద్యానికి వాళ్లు కట్టిన పాట. కుటుంబ 2004లో పుట్టింది, గాత్రం లేకుండా సారంగి, మాదల్, టుంగ్నా, వేణువు కలిసి నడుస్తాయి. అంతకుముందు విడివిడిగా విన్న వాద్యాలని ఒక్కచోట గుర్తుపట్టే అవకాశం కాబట్టి దాన్ని చివర్లో పెట్టండి.

కుర్రాళ్ల కోసం బిపుల్ ఛెత్రి. కాలింపోంగ్‌వాడు, గిటారు ఒకటే ప్రధానం, 2014లో వచ్చిన ‘స్కెచెస్ ఆఫ్ డార్జిలింగ్’ మొత్తం వినదగ్గది. మనవాళ్లకి దారి చూపించడానికి మరో తలుపు ఉంది: 2013లో ఎ.ఆర్. రెహమాన్ కోక్ స్టూడియోలో చేసిన ‘జరియా’లో బౌద్ధ మంత్రం పాడిన సన్యాసిని ఆనీ ఛోయింగ్ డ్రోల్మా. ఆవిడదే ‘ఫూల్‌కో ఆంఖామా’ పెట్టండి. రాసింది దుర్గాలాల్ శ్రేష్ఠ, బాణీ న్హ్యూ బజ్రాచార్య. నేపాల్లో ఇది తెలియనివాళ్లు అరుదు.

పాత రేడియో గారి మాట మన్నించి పాళ్లు మారుస్తున్నాను: జానపదం ఏడు, రేడియో పాటలు ఆరు, బ్యాండ్లూ కొత్తవాళ్లూ కలిపి అయిదు. దోహోరి పాడేవాళ్లు దొరికితే జానపదంలోంచి రెండు తగ్గించండి. రేశం ఫిరిరిని మాత్రం తీసెయ్యకండి. రికార్డు వేయకుండా, పల్లవి తెలుగు లిపిలో కాగితం మీద రాసి పంచండి, మాదల్ వచ్చినవాళ్లని ఖ్యాలీ పట్టుకోమనండి, ముందు నేపాలీ కుటుంబాలు ఒక చరణం ఎత్తుకున్నాక మీరు అందుకోండి.