1991 మియాటాను అట్టిపెట్టుకుంటే విలువ పెరుగుతుందా?

పాతబండి_డాలస్:

అందరికీ నమస్కారం. పన్నెండేళ్ళ క్రితం మా వీధిలోని ఒక పెద్దాయన దగ్గర నాలుగు వేల డాలర్లకు 1991 మాజ్దా మియాటా, అంటే రెండు సీట్ల, గుడ్డటాపు స్పోర్ట్స్ కారు కొన్నాను. ఎర్ర రంగు, 1.6 లీటర్ల ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్, ఇప్పటికి 71 వేల మైళ్ళు తిరిగింది. బీమా, రిజిస్ట్రేషను, ఆయిలు, అప్పుడప్పుడు టైర్లు అన్నీ కలిపి ఏటా సుమారు ఏడు వందల డాలర్లు ఖర్చవుతున్నాయి. మొన్న ఒక కుర్రాడు ఇంటికి వచ్చి పదకొండు వేలు ఇస్తానన్నాడు. గ్యారేజీలో సగం ఆ బండికే పోతున్నదని మా ఆవిడ చాలాకాలంగా అంటున్నది కనుక ఆమె తీర్పు ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

నా సందేహం ఇది. 2020 జనవరిలో 1971 నాటి డాట్సన్ 240జెడ్ ఒకటి ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. ఆ మోడల్ కొత్తగా వచ్చినప్పుడు ధర 3,526 డాలర్లే. అదీ ఫ్యాక్టరీలో వరసగా తయారైన మామూలు స్పోర్ట్స్ కారే. మరి 1989 నుంచి 1997 వరకు నాలుగు లక్షలకు పైగా తయారైన తొలి తరం మియాటాకు అలాంటి రోజు వస్తుందా, లేక ఇంత సంఖ్యలో ఉన్న బండికి ఆ ఆశే పెట్టుకోకూడదా? కొన్నేళ్ళలో హైదరాబాదుకు తిరిగి వెళ్ళిపోయే ఆలోచన ఉన్నది, అప్పుడు దీన్ని వెంట తీసుకువెళ్ళడం సాధ్యమేనా అన్నది రెండో ప్రశ్న.

లెక్కల_మాస్టారు:

అయ్యా, ముందు మీ సొంత పద్దు చూద్దాం. కొన్నది నాలుగు వేలకు, పన్నెండేళ్ళ ఖర్చు ఎనిమిది వేల నాలుగు వందలు, వెరసి పన్నెండు వేల నాలుగు వందలు. ఇప్పుడు వస్తానంటున్నది పదకొండు వేలు. ధర దాదాపు మూడింతలైనా మీరు ఇంకా పధ్నాలుగు వందల లోటులోనే ఉన్నారు, గ్యారేజీ అద్దె నేను కట్టలేదు సుమా. పాతకారు విలువ గురించి మాట్లాడేవారు కొన్న ధర, అమ్మిన ధర మాత్రమే చెప్పి, నడిమధ్య బండి తిన్న మేతను చెప్పకుండా దాటేస్తారు.

ఇక ఎదురుచూపుల గురించి ఒక పాత ఉదాహరణ ఉన్నది. 1978లో షెవ్రొలే సంస్థ ఇండియానాపొలిస్ పందేనికి గుర్తుగా నలుపు, వెండి రంగుల కార్వెట్ పేస్‌కారును (పందెంలో కార్లకు ముందు నడిచే బండి నమూనాను) 6,502 మాత్రమే తయారుచేసింది. జాబితా ధర 13,653 డాలర్లు. భవిష్యత్తులో బంగారమవుతుందని జనం అంతకంటే చాలా ఎక్కువ పెట్టి కొని, సీట్ల మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా షెడ్లలో దాచారు. ద్రవ్యోల్బణాన్ని కలిపి లెక్కిస్తే ఆ 13,653 డాలర్లు నేటి అరవై అయిదు వేలకు పైమాటే. నలభై ఏళ్ళకు పైగా ముట్టుకోకుండా దాచిన ఆ బండ్లలో అధికభాగం దానిలో సగం ధర కూడా పలకడం లేదు. కారణం తేలికగానే తెలుస్తుంది. కొన్నవారందరూ ఒకే ఆలోచనతో దాచారు కనుక, తక్కువ మైళ్ళ బండి కావాలన్నవాడికి అది ఏనాడూ కరువు కాలేదు. అసలు తయారైన సంఖ్య తక్కువైనా, మిగిలిన సంఖ్య ఎక్కువ.

మీరు చెప్పిన 240జెడ్ ధర గురించి కూడా ఒక మాట. అప్పటి 3,526 డాలర్లు నేటి ఇరవై ఎనిమిది వేలకు పైమాటే. మూడు లక్షలు పలికిన ఆ ఒక్క బండిని చూసి తక్కినవాటికి ధర కట్టడం, లాటరీ తగిలినవాడిని చూసి ఊరందరి ఆదాయం అంచనా వేయడం లాంటిది. నా సలహా అడిగితే కుర్రాడికి ఇచ్చివేయండి.

స్పానర్_చేతిలో:

తయారైన సంఖ్య కాదు, మిగిలిన సంఖ్యే ముఖ్యమన్న మాస్టారి సూత్రంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ అదే సూత్రం మియాటా విషయంలో ఆయన తీర్పుకు ఎదురు తిరుగుతుంది. పేస్‌కారును కొన్నవారు దాచుకున్నారు, మియాటాను కొన్నవారు నడిపి అరగదీశారు. అది 980 కిలోల చుట్టుపక్కల బరువుండే చవకబండి. కొత్తలో అమెరికాలో 13,800 డాలర్లు. దాన్ని కళాఖండంగా ఎవరూ చూడలేదు. ఒకడు టర్బో బిగించాడు, ఒకడు బండిని పక్కకు జార్చుతూ నడిపే డ్రిఫ్టింగు నేర్చుకుంటూ గోడకు కొట్టాడు, ఇంకొకడు లోపలి సీట్లు పీకి ఇనుప పంజరం వెల్డింగు చేసి ఒకే రకం మియాటాలు పోటీపడే స్పెక్ మియాటా పందేలకు తీసుకుపోయాడు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో తక్కినవాటిని తుప్పు తిన్నది. నాలుగు లక్షలన్నది పుట్టిన సంఖ్య. ఫ్యాక్టరీలో వేసిన రంగు, మొదటి చక్రాలు, మొదటి స్టీరింగు, గీతల్లేని సీట్లతో మిగిలినవి ఎన్ని అన్నదే ధరను నడిపే ప్రశ్న. 240జెడ్‌కూ జరిగింది ఇదే. అవి లక్షన్నరకు పైగా తయారయ్యాయి, తుప్పు వాటిలో చాలావాటిని మింగింది, అసలు రూపు చెక్కుచెదరనివాటికి రెక్కలొచ్చాయి.

అయితే ఆశకు ఒక హద్దు కూడా ఉన్నది, దానికి 1962 నుంచి 1980 వరకు అయిదు లక్షలకు పైగా తయారైన బ్రిటిషు స్పోర్ట్స్ కారు ఎంజీబీని చూడాలి. మియాటాకు స్ఫూర్తి అలాంటి బండ్లే. ఎంజీబీకి 1988 నుంచి పూర్తి బాడీయే కొత్తగా దొరుకుతున్నది, నట్టు దగ్గర నుంచి గుడ్డటాపు దాకా కేటలాగులో ఉంటాయి. అందువల్ల అది ఎవరికీ భారం కాదు, ధర పాతాళానికి పోదు, కానీ పాడైన బండిని ఎప్పుడైనా మళ్ళీ నిలబెట్టవచ్చు కనుక ఆకాశానికీ పోదు. మాజ్దా కూడా 2017లో జపానులో తొలి తరం బండ్లను పునరుద్ధరించే పథకం ప్రకటించి గుడ్డటాపు, చెక్క స్టీరింగు, ఆనాటి నమూనా టైర్లు మళ్ళీ తయారుచేయించింది. కాబట్టి మియాటా 240జెడ్ కంటే ఎంజీబీ దారిలోనే నడుస్తుందని నా అంచనా: నెమ్మదిగా పెరుగుతుంది, బాగున్నదానికీ బాగులేనిదానికీ నడుమ తేడా ఏటేటా వెడల్పవుతుంది.

మీ బండి ఏ వైపు ఉన్నదో తెలియాలంటే ఈ ఆదివారం ఒక టార్చిలైటు పట్టుకుని చూడండి. వెనుక చక్రాలకు కాస్త ముందు, తలుపు కింద పొడవుగా ఉండే రేకు భాగాన్ని, అంటే సిల్లును వేలితో నొక్కండి. గుడ్డటాపు మీద పడిన వాన దిగే గొట్టాలు ఆకులతో పూడుకుపోతే నీళ్ళు అక్కడే నిలిచి, రంగు కింద నుంచి కుళ్ళు మొదలవుతుంది. పైకి చిన్న బుడగలా కనిపించినా లోపల రేకు మిగలదు. ఆ తర్వాత ఇంజను ముందు క్రాంకు (ఇంజను లోపల తిరిగే ఇరుసు) చివర ఉండే పుల్లీ మధ్యభాగంలోని గాడులను లెక్కపెట్టండి. 1990, 1991 తొలి బండ్లలో పుల్లీ బిగించే క్రాంకు కొస, అంటే ముక్కు, పొట్టిది, అక్కడ గాడులు నాలుగే కనిపిస్తాయి. బోల్టు సరిగ్గా బిగించకపోతే పుల్లీ జారకుండా పట్టే కీ కూర్చునే చోటు (కీవే) అరిగిపోయి ఇంజనే పాడవుతుంది. ఎనిమిది గాడులుంటే తర్వాత వచ్చిన పొడవు ముక్కు. తెలిసిన కొనుగోలుదారు మొదట అడిగేది ఇదే. ఇంకొక మాట, టాపు మడిచే ముందు వెనుక ప్లాస్టిక్ కిటికీ జిప్పు విప్పడం మరవకండి. చలిలో విప్పకుండా మడిస్తే పగులుతుంది.

బెజవాడ_కిక్కు:

రెండో ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో, కుదరదు. మన దేశంలోకి వాడిన కారు తేవాలంటే సాధారణ నిబంధన ప్రకారం అది మూడేళ్ళకు మించి పాతదై ఉండకూడదు, స్టీరింగు కుడివైపున ఉండాలి. మీది రెండింటికీ సరిపోదు. 2021లో కేంద్రం వింటేజి బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పాటు చేసింది కానీ దానికి బండి వయసు యాభై దాటాలి.

ధర గురించి మాత్రం స్పానర్ గారి వైపే నా ఓటు. 1985 నుంచి 1996 వరకు వచ్చిన యమహా ఆర్ఎక్స్100 మోటారుసైకిలు మన వీధుల్లో కొల్లలుగా తిరిగిన బండి. 98 సీసీ టూస్ట్రోక్, పాలవాడి దగ్గరా ఉండేది. ఇవాళ అసలు సామాన్లతో ఉన్నది కనిపిస్తే జనం గుమికూడతారు. ఆనాడు కాలేజీ గేటు దగ్గర దాన్ని చూసి కొనలేకపోయిన కుర్రాళ్ళకు ఇప్పుడు యాభై ఏళ్ళు, చేతిలో డబ్బుంది. 1991లో మియాటా పోస్టరు గోడకు అంటించుకున్నవాళ్ళ వయసూ అంతేగదా.

లెక్కల_మాస్టారు:

వారికి ఇప్పుడు యాభై అయితే, ఇరవై ఏళ్ళ తర్వాత డెబ్బై. అప్పుడు వాళ్ళు కొనరు, అమ్ముతారు. క్లచ్చు తొక్కడం రాని తరం ఆ బండ్లను ఏ ధరకు తీసుకుంటుందన్నది కూడా కలుపుకోండి. అమ్మదలిస్తే వచ్చే పది, పదిహేనేళ్ళే మంచి కాలమన్నది నా సవరించిన అభిప్రాయం.

పాతబండి_డాలస్:

అందరికీ కృతజ్ఞతలు. ఉదయం కారు కింద పడుకుని చూశాను. గాడులు ఎనిమిది. ఎడమ సిల్లు గట్టిగానే ఉన్నది, కుడివైపు గొట్టంలో మాత్రం పిడికెడు ఓకు ఆకుల చెత్త దొరికింది, సన్నని తీగతో లాగేశాను. నీళ్ళు పోసి చూస్తే ఇప్పుడు ధారగా దిగుతున్నాయి. కుర్రాడికి ఈ ఏడాది అమ్మడం లేదని చెప్పాను, అతని ఫోను నంబరు మాత్రం రాసి ఉంచుకున్నాను. మాస్టారి పద్దును మా ఆవిడకు ఇంకా చూపించలేదు.