పాత ఎపిఫోన్ క్యాసినో గిటార్: నెక్ దగ్గర గీత ఉంటే వదిలేయాలా?

కొత్తఫ్రెట్: హైదరాబాద్‌లో ఒకాయన పాత క్యాసినో 45,000కి ఇస్తానంటున్నారు. వాయించి చూశాను, సౌండ్ బాగుంది. కానీ నెక్ బాడీలో కలిసే చోట, వెనక వైపు పెయింట్‌లో సన్నటి గీత ఉంది. తీసుకోవచ్చా?

బీచ్‌రోడ్: వద్దు తమ్ముడూ. జాయింట్ కదిలింది. నాకూ ఇలాగే "పెయింట్ గీతే" అని అంటగట్టారు. ఏడాది తిరక్కుండానే తీగలు పైకి లేచి, పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దాటితే వేలు నొక్కలేని స్థితి.

రిపేర్ మల్లేశ్: గీత ఒక్కటీ చూసి తేల్చేయకండి. ఎండకీ వానకీ చెక్క కదులుతుంది, జాయింట్ దగ్గర పెయింట్ చిట్లడం మామూలే. క్యాసినోకి ముందు చూడాల్సింది బ్రిడ్జ్, అంటే బాడీ మీద తీగలు ఆనే భాగం. గిబ్సన్ 335 గిటార్‌కి ఉన్నట్టు దీనికి మధ్యలో చెక్క దిమ్మ ఉండదు, లోపలంతా బోలు. తీగల ఒత్తిడి పలచటి పై పలకే మోయాలి. బ్రిడ్జ్ ఎత్తు మార్చే కింది చక్రాలు అడుగుదాకా దించేసి, అయినా తీగలు ఎత్తుగా ఉన్నాయంటే నెక్ కోణం పోయినట్టో, పలక కుంగినట్టో. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిప్పితే అది బాగవదు. పక్క నుంచి చూడు, బ్రిడ్జ్ కింద పలక వంపు చదునైపోయిందేమో.

పీ90: నాబులు తిప్పి చూశావా బ్రో? గరగరమంటే స్ప్రేతో పోవచ్చు. పోకపోతే వైరింగంతా పై పలకలోని ఎఫ్ హోల్ (ఎఫ్ ఆకారపు రంధ్రం) లోంచి లాగాలి, కూలి బాగానే అవుతుంది.

బీచ్‌రోడ్: మల్లేశ్ గారూ, బ్రిడ్జ్ సంగతి తర్వాత. జాయింట్ గట్టిగా ఉంటే గీత ఎందుకొచ్చింది?

రిపేర్ మల్లేశ్: చెప్పాను కదండీ. నెక్‌ని మెల్లగా వెనక్కీ ముందుకీ ఒత్తినప్పుడు గీత తెరుచుకుని మూసుకుంటే కదిలినట్టు. లేదంటే చాలావరకు పెయింటే.

సంధ్య_జాజ్: ఇంట్లోకా, బ్యాండ్‌కా? స్టేజీ మీద యాంప్ గెయిన్ పెంచితే ఇది కూత పెడుతుంది. 1961లో వచ్చిన మోడల్, బీటిల్స్‌లో ముగ్గురు వాయించారు, అందుకే ఆ ధర.

బీచ్‌రోడ్: రిపేర్ చేసేవాళ్లకి అన్నీ బాగయ్యేవే. డబ్బు పోయేది మాకు.

రిపేర్ మల్లేశ్: ఆ మాట అనకండి. నెక్ ఊడదీసి నేను మళ్లీ అతికించిన గిటార్లు ఇప్పటికీ స్టేజీ మీద మోగుతున్నాయి. రిపేరైందంటే చాలు, చెత్త కింద లెక్కేస్తారు మీరు.

బీచ్‌రోడ్: రిపేర్ మీద నాకేం కోపం లేదు. నాకు అమ్మినాయనకి నెక్ ఊడిందని తెలుసు. చెప్పి, ధర తగ్గించి ఉంటే అదే గిటార్ సంతోషంగా కొనేవాణ్ణి. దాచాడు.

రిపేర్ మల్లేశ్: చెప్పి తీరాలి, అక్కడ మీతోనే ఉన్నాను. కానీ పని సరిగ్గా జరిగి, గిటార్ బాగా పలుకుతుంటే ధర ఎందుకు తగ్గాలి?

బీచ్‌రోడ్: తగ్గాల్సిందే. రేపు నేను అమ్మబోతే కొనేవాడు నన్ను తగ్గించమనడా?

కొత్తఫ్రెట్: ఫోటోలు పెద్దవి చేసి చూశాను. చక్రాలు పూర్తిగా కిందికి దించి ఉన్నాయి. నెక్ ఎప్పుడైనా రిపేరైందా అని మెసేజ్ పెట్టాను. చూశారు, జవాబు లేదు.

రిపేర్ మల్లేశ్: అడ్వాన్స్ ఇవ్వకు. స్కేలు తీసుకెళ్లి పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు కొలువు. 2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మాట్లాడదాం. 3 దాటితే వచ్చేయ్.