థీసిస్ టాపిక్: బ్లాక్‌లో డెక్స్‌మెడిటోమిడినా, డెక్సామెథసోనా? గ్రూపుకి 30 మంది చాలా?

నిద్రలేని_పీజీ:
అనస్థీషియా పీజీ మొదటి సంవత్సరం. ప్రోటోకాల్ ఎథిక్స్ కమిటీకి ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ముంజేతి సర్జరీలకి ఇచ్చే సుప్రాక్లావిక్యులర్ బ్లాక్‌లో (కాలర్ బోన్ పైన నరాల దగ్గర సూది వేసి చెయ్యి మొద్దుబార్చడం) మొద్దుబార్చే మందు రోపివకైన్‌తో పాటు ఒక గ్రూపుకి డెక్స్‌మెడిటోమిడిన్, రెండో గ్రూపుకి డెక్సామెథసోన్ కలిపి, ఏది ఎక్కువసేపు పనిచేస్తుందో చూడమన్నారు మా గైడ్. గ్రూపుకి 30 మంది. సరేనని వెతికితే ఇదే టాపిక్, డోసు అటూ ఇటూ మార్చినవి, రోపివకైన్ బదులు బుపివకైన్‌తో చేసినవి, పేజీలకు పేజీలు పేపర్లు. అన్నింట్లోనూ ఎవరో ఒకరు గెలుస్తారు, పి వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) ఎప్పుడూ 0.001 కన్నా తక్కువే. ఇది చేస్తే పాస్ అయిపోతాను, అందులో డౌట్ లేదు. కానీ ఇందులో కొత్తగా తేలేది ఏమైనా మిగిలి ఉందా? అసలు ఈ 30 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? సీనియర్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

పాత_బోయిల్_మెషిన్:
మిగల్లేదు తమ్ముడూ. రెండు మందులూ బ్లాక్‌ని పొడిగిస్తాయని అందరికీ తెలిసిందే. డెక్సామెథసోన్ నరం పక్కన వేసినా పొడుగవుతుంది, సిరలో ఇచ్చినా పొడుగవుతుంది, రెండింటికీ మధ్య తేడా కొన్ని గంటలకు మించదు. డెక్స్‌మెడిటోమిడిన్‌తో పల్స్ తగ్గడం, బీపీ పడిపోవడం, పేషెంట్ మత్తుగా ఉండటం కూడా కొత్త విషయాలేం కాదు. నువ్వు ఇంకో 60 మందికి సూది వేసి మళ్ళీ అదే రాస్తావు.

నా అభ్యంతరం టాపిక్ పాతదైపోయిందని కాదు, కొలిచేదాని మీద. బ్లాక్ ఎన్ని నిమిషాలు ఉంది అనేది మనకి కొలవడానికి సులువు కాబట్టి కొలుస్తున్నాం. పేషెంట్‌కి దానితో పనేంటి? రీగెయిన్ ట్రయల్ చూడు, 2021లో వచ్చింది. తుంటి ఎముక విరిగిన 1,600 మందికి స్పైనల్ (నడుములో సూదితో కింది భాగం మొద్దుబార్చడం), జనరల్ (పూర్తి మత్తు) పోల్చారు. వాళ్ళు బీపీ ఎంత పడింది, ఎన్ని నిమిషాల్లో లేచారు అని పెట్టుకోలేదు. 60 రోజుల తర్వాత మనిషి బతికున్నాడా, ఉంటే ఇంకొకరి సాయం లేకుండా ఓ 10 అడుగులు నడవగలుగుతున్నాడా అని అడిగారు. చనిపోయిన, నడవలేకపోయిన వాళ్ళు కలిపి స్పైనల్‌లో 18.5 శాతం, జనరల్‌లో 18 శాతం. ఆపరేషన్ తర్వాత డెలీరియం (మతి తడబడటం) కూడా రెండింట్లో దాదాపు సమానమే. ముసలివాళ్ళకి స్పైనలే మేలని మాకు చదువుకునేటప్పుడు నూరిపోశారు, నేనూ నా జూనియర్లకి అదే నూరిపోశాను. ఆ స్థాయి ట్రయల్ నువ్వు ఒక్కడివే చేయలేవు సరే, అలాంటి ప్రశ్న అడగడానికి మాత్రం పెద్ద గ్రాంటు అక్కర్లేదు.

పి_వాల్యూ_పోలీస్:
నేను అనస్థీషియా వాణ్ణి కాదు, ట్రయల్ డేటాతో కూర్చునే స్టాటిస్టిక్స్ మనిషిని. 30 కథ చెప్తాను. బ్లాక్ వ్యవధిలో స్టాండర్డ్ డీవియేషన్ (మనిషికీ మనిషికీ ఉండే హెచ్చుతగ్గు) 60 నిమిషాలు అనుకో, 45 నిమిషాల తేడా పట్టుకోవాలి అనుకో. 80 శాతం పవర్ (ఉన్న తేడాని పట్టుకునే అవకాశం), 5 శాతం ఆల్ఫా (లేని తేడా ఉందని పొరబడే అవకాశం) పెట్టి లెక్క వేస్తే గ్రూపుకి 28 వస్తుంది, మధ్యలో మానేసేవాళ్ళని కలుపుకుని 30. అంటే చేతిలో ఉన్న సమయంలో 60 మందే దొరుకుతారని ముందే తెలుసు, దానికి సరిపోయే తేడాని ఏరుకుని లెక్క వెనక నుంచి కట్టుకొస్తారు. అదే వాంతులు 30 శాతం నుంచి 20 శాతానికి తగ్గాయా అని అడిగి చూడు, గ్రూపుకి దాదాపు 290 మంది కావాలి. అందుకే ఎవరూ అడగరు. 30 మందిలో వాంతుల సంఖ్యని ఒక టేబుల్‌లో పెట్టి "సైడ్ ఎఫెక్ట్స్‌లో తేడా లేదు" అని రాసేస్తారు. తేడా లేదని తేలినట్టు కాదది, ఉందో లేదో చూసే శక్తే ఆ స్టడీకి లేదు.

ఇంకోటి. అన్ని పేపర్లలోనూ పి 0.001 కన్నా తక్కువ అన్నావు కదా, నీకు అనుమానం రావడం మంచిదే. మీ రంగానికి ఆ చరిత్ర ఉంది. ఎక్కువగా వాంతుల మందుల మీద రాసిన యోషితాకా ఫుజీ అనే అనస్థీషియా డాక్టర్ పేపర్లలో 172 కల్పితాలని జపాన్ అనస్థీషియా సంఘం విచారణలో 2012లో తేలింది. ఆయన ట్రయల్స్‌లో గ్రూపుల వయసు, బరువు సగటులు యాదృచ్ఛికంగా రావడానికి వీల్లేనంత దగ్గరగా ఉన్నాయని జాన్ కార్లైల్ లెక్క వేసి చూపించాడు. అదే కార్లైల్ తర్వాత ఒక జర్నల్‌కి వచ్చిన ట్రయల్స్‌లో పేషెంట్‌వారీ డేటా దొరికిన 153 చూస్తే 44 శాతంలో తప్పుడు డేటా కనిపించింది. సగటుల టేబుల్ మాత్రమే ఇచ్చే చిన్న పేపర్లని నేనైతే ఆధారంగా పెట్టుకోను.

కట్టు_చెయ్యి:
డాక్టర్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. నాకు మణికట్టు విరిగితే ప్లేట్ వేశారు, ఈ బ్లాకే ఇచ్చారు. ఆపరేషన్ అయ్యాక హాయిగా ఉన్నాను, చెయ్యి నాది కానట్టు వేలాడుతోంది, నొప్పి సున్నా. రాత్రి నిద్రలో బ్లాక్ దిగిపోయింది. ఎముక విరిగినప్పుడు కూడా అంత నొప్పి లేదండీ, నిజంగా. మాత్రలు ఇచ్చారు కానీ నొప్పి వస్తే వేసుకోమన్నారు, వచ్చాక వేసుకుంటే అది పనిచేసేలోపు నరకం. బ్లాక్ ఇంకో రెండు గంటలు ఎక్కువ ఉంటే ఏమయ్యేది? అదే నొప్పి రెండు గంటలు ఆలస్యంగా వచ్చేది, అంతే కదా?

పాత_బోయిల్_మెషిన్:
తమ్ముడూ, నీ థీసిస్ ఈయన చెప్పేశారు. దీన్ని రీబౌండ్ పెయిన్ అంటాం. బ్లాక్ పనిచేస్తున్నప్పుడు నొప్పి స్కోరు పదికి 3 లేదా అంతకన్నా తక్కువ ఉండి, బ్లాక్ ఇచ్చిన 24 గంటల్లోపే 7కి లేదా ఆపైకి ఎగబాకడం అని ఒక నిర్వచనం వాడుతున్నారు. 2021లో 972 మంది మీద వచ్చిన స్టడీలో దాదాపు సగం మందికి ఇది వచ్చింది. చిన్న వయసువాళ్ళు, ఆడవాళ్ళు, ఎముక సర్జరీలు, సిరలో డెక్సామెథసోన్ ఇవ్వనివాళ్ళు, వీళ్ళలో ఎక్కువ. మనం సాయంత్రం రౌండ్స్‌లో "నొప్పి ఉందా, లేదు" అని రాసుకుని వెళ్ళిపోతాం, అసలు నొప్పి అర్ధరాత్రి వస్తుంది. మీ దగ్గర ఎంతమందికి వస్తోంది, వాళ్ళకి మాత్రలు ఏ టైమ్‌కి మొదలుపెట్టారు, అది చూడు.

నిద్రలేని_పీజీ:
ఇది నిజంగా బాగుంది. కానీ రెండు చిక్కులు. రాండమైజ్ చేయకపోతే (ఎవరు ఏ గ్రూపో లాటరీలా తేల్చకపోతే) థీసిస్ స్థాయి లేదంటారేమో మా గైడ్. ఇంకా, 60 మందే దొరుకుతారంటే ఇది కుదురుతుందా?

పి_వాల్యూ_పోలీస్:
60 చాలదు. సగం మందికి వస్తుందనుకుని, అటూ ఇటూ 10 శాతం తేడాలో చెప్పాలంటే 96 మంది కావాలి. కాకపోతే ఇందులో నువ్వు ఎవరికీ కొత్తగా మందు ఇవ్వట్లేదు, మామూలుగా జరిగే కేసులనే చూస్తున్నావు, కాబట్టి ఆ సంఖ్య త్వరగానే వస్తుంది. కారణాలు కూడా తేల్చాలనుకుంటే 96తో రెండు మూడింటికి మించి మోడల్‌లో పెట్టకు.

పాత_బోయిల్_మెషిన్:
గైడ్‌తో వాదించకు, ఆయన అడిగిన డెక్సామెథసోన్ ఇందులోనూ ఉందని చూపించు. సిరలో ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అనేది నీ డేటాలో ఎలాగూ వస్తుంది. రేపు ఎవరైనా రాండమైజ్ చేయాలంటే దీని నుంచే శాంపిల్ సైజు కట్టుకోవాలి, ఆ మాట ప్రోటోకాల్‌లో రాయి. ఏ నిర్వచనం వాడతావో మొదటి పేషెంట్‌ని తీసుకోకముందే రాసి రిజిస్టర్ చేయించు, డేటా చూశాక 7ని 6 చేయాలనే బుద్ధి అందరికీ పుడుతుంది. ఇంటికి పంపేసిన పేషెంట్లకి ఫోన్ చేయాల్సి ఉంటుంది, సమ్మతి పత్రంలో అది కూడా చేర్చు.

కట్టు_చెయ్యి:
ఫోన్ పొద్దున చేయండి, రాత్రి నొప్పి స్కోరు ఎంతని సాయంత్రం అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. నొప్పికి మెలకువ వచ్చిందా, ఎన్ని గంటలకి అని కూడా అడగండి. నన్ను ఎవరూ అడగలేదు.