వైన్ గ్లాసులు డిష్‌వాషర్‌లో వేయొచ్చా, చేత్తోనే కడగాలా?

పాలపిట్ట (మియాపూర్)
మా ఆడపడుచు వియన్నా నుంచి వస్తూ ఆరు వైన్ గ్లాసులు తెచ్చింది. ఉల్లిపొర లాంటి అంచు, పట్టుకుంటే బరువే తెలియదు. డబ్బా మీద డిష్‌వాషర్‌లో వేయొచ్చని బొమ్మ ఉంది కదా అని ఎనిమిది నెలలుగా మిషన్‌లోనే వేస్తున్నాను. ఇప్పుడు నాలుగింటికి మంచు పట్టినట్టు తెల్లటి పొర వచ్చింది. "ఇలాంటివి చేత్తోనే కడగాలి, చెప్తే విన్నావా?" అని మావారు ఒకటే గోల. (ఆయన గ్లాసు కడిగిన రోజు ఒక్కటీ లేదు, అది వేరే సంగతి.) మాకు బోరు నీళ్ళే. తప్పు మిషన్‌దా, నాదా?

గోదారోడు
మీవారి మాటే రైటండీ. మిషన్‌లో వేసే పౌడరు మామూలు గిన్నెల సబ్బు కాదు, బాగా క్షారం. ఆ వేడిలో గంటా రెండు గంటలు నానితే గాజు పైపొర కరుగుతుంది. నా దగ్గర ఎనిమిది ఉండేవి. రెండేళ్ళలో అన్నీ పొగచూరిన చిమ్నీల్లా తయారయ్యాయి. ఏం రాసినా పోలేదు. అప్పట్నుంచి గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క లిక్విడ్, మెత్తటి స్పాంజి, అంతే. గ్లాసుకి నిమిషం పట్టదు. ఆ నిమిషానికి కూడా బద్ధకిస్తే ఇంత ఖరీదైన గ్లాసులు ఎందుకండీ?

మ్యూనిక్ మావయ్య
గోదారోడు గారూ, పదేళ్ళలో మా ఇంట్లో ఏడు గ్లాసులు పగిలాయి. మిషన్‌లో పగిలింది ఒక్కటే, అదీ నేను పక్కన పెద్ద గరిటె పెట్టిన పాపానికి. మిగతా ఆరూ సింక్ దగ్గరే పోయాయి. అందులో నాలుగు తుడిచేటప్పుడు.

ఎలా పోతాయో చెప్తాను. ఎడమ చేత్తో అడుగు పళ్ళెం పట్టుకుంటాం, కుడి చేత్తో గుడ్డ లోపలికి దూర్చి తిప్పుతాం. పైది ఒకవైపు, కిందది ఇంకోవైపు తిరుగుతుంది. మధ్యలో పుల్లంత కాడ. మెలి పడగానే టక్‌మంటుంది, అరచేతిలో చీలిక దిగుతుంది. నాకు రెండు కుట్లు పడ్డాయి. గ్లాసుని ఎప్పుడూ పైన గుండ్రటి భాగం దగ్గరే పట్టుకుని, అదే తుడవాలి. అడుగుని విడిగా తుడవాలి.

ఇక్కడికి దగ్గర్లోనే, సరిహద్దు దాటగానే ఆస్ట్రియా ఊరు కుఫ్‌స్టైన్‌లో వైన్ గ్లాసులు చేసే రీడెల్ వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. వాళ్ళే తమ గ్లాసులు మిషన్‌లో వేసుకోవచ్చని చెప్తారు. ఇటు బవేరియాలో త్స్వీసెల్ కంపెనీ టైటానియం, జిర్కోనియం కలిపిన ట్రైటాన్ గాజుని ఈ మొరటు వాడకం కోసమే చేస్తుంది. తయారుచేసినవాడికి లేని భయం మనకెందుకు?

గోదారోడు
అమ్ముకునేవాడు వద్దంటాడా మావయ్యా? పాతకాలం లెడ్ క్రిస్టల్ మాటేమిటి మరి? 1970ల నాటి చెక్కుడు గ్లాసులు మా బాబాయి దగ్గర ఉన్నాయి. అవీ మిషన్‌లో వేయమంటారా?

మ్యూనిక్ మావయ్య
వాటిని మాత్రం వద్దంటాను. లెడ్ క్రిస్టల్ అని రాయాలంటే కనీసం 24 శాతం లెడ్ ఆక్సైడ్ ఉండాలని యూరప్‌లో 1969 నాటి రూలు. ఆ గాజు మెత్తన, మెరుపు త్వరగా పోతుంది. సీసం కాబట్టి అలాంటి సీసాలో వైన్ రోజుల తరబడి నిల్వ ఉంచకూడదు కూడా. కానీ పాలపిట్ట గారివి ఇప్పటి కొత్త గ్లాసులు. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

సియాటిల్ చినుకు
మీరిద్దరూ రెండు వేర్వేరు జబ్బులకి ఒకటే పేరు పెట్టి కొట్టుకుంటున్నారు. తెలుపు రెండు రకాలు.

ఒకటి గార. హార్డ్ వాటర్‌లోని కాల్షియం ఎండిపోయి అంటుకుంటుంది, బాత్రూం బకెట్‌కి పట్టినట్టే. ఇది గాజు మీద ఉంటుంది. రెండోది గాజుని క్షారం తినేయడం. ఇది గాజులోనే ఉంటుంది. మొదట వెలుగులో ఇంద్రధనుస్సులా రంగులు కనిపిస్తాయి, తర్వాత పాలలా తెల్లబడుతుంది. దానికి మందు లేదు.

తమాషా ఏంటంటే, గార హార్డ్ వాటర్ వల్ల వస్తే, రెండోది సాఫ్ట్ వాటర్‌లోనే ఎక్కువ. మా ఊరి నీళ్ళు కొండల మీంచి వచ్చే సాఫ్ట్ వాటర్. నేను తెలియక ప్యాకెట్ మీద రాసినంత పౌడరూ పోసి, హీట్ పెంచి మరీ కడిగా. ఏడాదిలో నాలుగు గ్లాసులు పోయాయి. ఇప్పుడు పౌడర్ సగమే వేస్తా, వేడి తక్కువ పెడతా. కొత్తవి మూడేళ్ళుగా బానే ఉన్నాయి.

పాలపిట్ట గారూ, తెల్లటి చోట రెండు చుక్కల వెనిగర్ వేసి పది నిమిషాలాగి కడగండి. పోతే గార. పోకపోతే గోదారోడు గారికి తోడు దొరికినట్టే.

బోరునీళ్ళ బాధితుడు
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. మేడం, మిషన్ అడుగున ఉప్పు పోసే మూత ఉంటుంది, అందులో ఉప్పు ఉందా? ఆ ఉప్పు గిన్నెలు కడగడానికి కాదు. లోపల ఒక రెజిన్ ఉంటుంది, నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంలను అదే పట్టుకుంటుంది. ఉప్పు నీళ్ళు పోతేనే ఆ రెజిన్ మళ్ళీ పనికొస్తుంది. ఉప్పు అయిపోతే బోరు నీళ్ళు అలాగే గ్లాసుల మీదికి వస్తాయి. వంటింటి అయోడిన్ ఉప్పు, కళ్ళుప్పు పోయకండి, డిష్‌వాషర్ ఉప్పే కొనండి. హార్డ్‌నెస్ సెట్టింగ్ కూడా మన నీళ్ళకి తగ్గట్టు మార్చాలి. ఫిల్టర్ అబ్బాయి పెన్నులాంటిది ముంచి చెప్పే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలన్నిటి లెక్క) వేరు, హార్డ్‌నెస్ వేరు. హార్డ్‌నెస్‌కి పది పట్టీల స్ట్రిప్ ప్యాకెట్ దొరుకుతుంది.

స్టీలుగ్లాసు
స్టీలు గ్లాసులో పోసుకు తాగండి. పగలదు, తెల్లబడదు, భార్యాభర్తల గొడవ ఉండదు 😄

బార్ వెనకోడు
హోటల్ బార్‌లో ఆరేళ్ళు చేశాను. మాకు గ్లాసులకి విడిగా చిన్న మిషన్ ఉండేది, ప్లేట్లతో కలిపే ప్రశ్నే లేదు. ఇళ్ళల్లో అందరూ చేసే తప్పు అదే. నెయ్యి కడాయి, కుక్కర్ మూత, వాటి మధ్య వైన్ గ్లాసు! ఒకదానికొకటి తగలకుండా, గ్లాసులు మాత్రమే వేసి, 40-50 డిగ్రీల గ్లాస్ ప్రోగ్రామ్ పెట్టండి. అయిపోగానే తలుపు తెరవండి, ఆవిరిలో మగ్గనివ్వద్దు.

రిన్స్ ఎయిడ్ (ఆఖరి కడుగులో మిషన్ కలుపుకునే ద్రవం) మాత్రం నాకు గిట్టదు. నీటి చుక్కలు నిలవకుండా జారిపోతాయి, నిజమే. కానీ డోసు ఎక్కువైతే పొర మిగులుతుంది, స్పార్క్లింగ్ వైన్ పోస్తే నురగ చచ్చిపోతుంది. అలాంటి గ్లాసుల్ని వేడినీళ్ళతో ఒకసారి తొలిచి, పీచు రాలని గుడ్డతో తుడిచేవాణ్ణి. ఇంకోటి, అల్మరాలో బోర్లించకండి. అంచు మీద బరువు పడుతుంది, చెక్క వాసన లోపల నిలుస్తుంది.

పాలపిట్ట (మియాపూర్)
అందరికీ థాంక్స్. వెనిగర్ వేశాను. మూడు గ్లాసులు తళతళలాడుతున్నాయి, నాకే నమ్మబుద్ధి కాలేదు. నాలుగోదానికి పైన పోయింది గానీ, కాడ మొదట్లో ఉంగరంలా ఒక పొగచార ఉండిపోయింది. కిటికీ దగ్గర తిప్పితే నెమలికంఠం రంగులు కనిపిస్తున్నాయి.

ఉప్పు మూత తీసి చూశా. ఖాళీ. ఇన్‌స్టలేషన్ రోజు పోసిందే, మళ్ళీ పోయలేదు. ప్రోగ్రామ్ కూడా చెప్పేస్తా, తిట్టకండి: కడాయి ప్రోగ్రామ్, 70 డిగ్రీలు. అన్నీ కలిపే వేసేదాన్ని.

గోదారోడు
ఆ ఉంగరం మాత్రం నా లెక్కలోదే. ఒకటి గెలిచాను.

మ్యూనిక్ మావయ్య
70 డిగ్రీల్లో కడాయిలతో ఉడికిస్తే గెలిచింది మీరు కాదు, కడాయి ప్రోగ్రామ్. గ్లాస్ ప్రోగ్రామ్‌లో వేసి ఆర్నెల్లు చూసి చెప్పమనండి.

గోదారోడు
ఆర్నెల్లు ఎందుకు, రెండేళ్ళు చూడమనండి. నావి కూడా మొదటి ఏడాది బానే ఉన్నాయి.

పాలపిట్ట (మియాపూర్)
అప్‌డేట్. డిష్‌వాషర్ ఉప్పు ఆర్డర్ పెట్టాను, ఆదివారం వస్తుందట. అప్పటిదాకా తనే చేత్తో కడుగుతానని మావారు రాత్రి రంగంలోకి దిగారు. ఒకటి కడిగారు. ఇప్పుడు ఐదు ఉన్నాయి.

మ్యూనిక్ మావయ్య
అడుగు పట్టుకుని తుడిచారా?

పాలపిట్ట (మియాపూర్)
అవును. చేతికేం కాలేదు లెండి.